పోతేరిలో చదువు: గది వెతుక్కోవడం నుంచి అడ్వాన్స్ రాబట్టుకోవడం దాకా

చెన్నైలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది అని మన ఊళ్ళలో ఎవరైనా చెబితే, చాలాసార్లు అది అసలు చెన్నై కాదు. తాంబరం దాటి, వండలూరు జూ దాటి, గూడువాంచేరి కూడా దాటాక జీఎస్‌టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు పక్కన వచ్చే పోతేరి. 1985లో ఒక ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైన ఎస్‌ఆర్‌ఎం ఇప్పుడు యూనివర్సిటీ అయి కూర్చుంది, ఊరు మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది. నెల్లూరు, గుంటూరు, విజయవాడ, హైదరాబాద్ పిల్లలు ఎంతమంది ఉన్నారంటే సాయంత్రం టీ కొట్టు దగ్గర నిలబడితే తమిళం కన్నా తెలుగే ఎక్కువ వినపడుతుంది. అందుకని భాష గురించి అంత భయం అక్కర్లేదు. భయపడాల్సింది నెలాఖరు లెక్క గురించి.

వీఐటీ చెన్నైలో చేరినవాళ్ళది వండలూరు-కేళంబాక్కం రోడ్డు, అక్కడ లోకల్ రైలు లేదు కాబట్టి రాకపోకల లెక్క వేరు, మిగతా చాలా సంగతులు వాళ్ళకీ వర్తిస్తాయి. ఐఐటీ వాళ్ళకి క్యాంపస్‌లోనే హాస్టల్, వాళ్ళు ఇది సరదాగా చదువుకోవచ్చు. నేను రాసేది ముఖ్యంగా పోతేరి, గూడువాంచేరి, మరైమలై నగర్ చుట్టూ ఉండబోయేవాళ్ళకి, వాళ్ళ అమ్మానాన్నలకి.

అద్దె ఒక్కటే అడక్కండి

"మావాడికి ఏడు వేలకే గది దొరికింది" అని ఎవరైనా అంటే ఆ ఏడు వేలలో ఏమేం ఉన్నాయో అడగండి. తిండి ఉందా, ఏసీ కరెంటు ఉందా, మెయింటెనెన్స్ ఉందా, తాగే నీళ్ళు ఎవరు కొంటున్నారు, సెలవుల్లో ఇంటికి వెళ్ళినా డబ్బు కట్టాలా. ఇవన్నీ కలిపి, ఏడాది మొత్తానికి లెక్కేసి, పన్నెండుతో భాగిస్తే వచ్చేదే అసలు అద్దె. మిగతాదంతా బోర్డు మీద రాసుకునే అంకె.

ఒక ఉదాహరణ చూద్దాం. రేట్లు ఏటా మారతాయి, బిల్డింగ్ బిల్డింగ్‌కీ మారతాయి, కాబట్టి అంకెల్ని కాకుండా లెక్క వేసే పద్ధతిని పట్టుకోండి. గూడువాంచేరిలో రెండు బెడ్‌రూముల ఫ్లాటు 18,000 అనుకుందాం, ముగ్గురు ఉంటే తలా 6,000. మెయింటెనెన్స్ 600, కరెంటు 700, వాటర్ క్యాన్లు 200, గ్యాస్ 250, కిరాణా కూరగాయలు 2,500, బయట తిండి 1,500, రైలు పాస్ ఓ వంద, వైఫై 250, ఫోన్ 300. మొత్తం 12,400. ఇప్పుడు కాలేజీకి నడిచి వెళ్ళేంత దగ్గర్లో, తిండితో కలిపి 9,000కి పీజీ (పేయింగ్ గెస్ట్ వసతి) తీసుకున్నారనుకోండి. ఏసీ కరెంటు విడిగా 800, ఫోన్ 300, అక్కడి సాంబారు నాలుగో రోజుకే మొహం మొత్తి బయట తినేది కనీసం 2,500. అదీ 12,600. అంటే నెల ఖర్చులో తేడా దాదాపు లేదు. తేడా ఉండేది మొదట్లో పెట్టాల్సిన డబ్బులో. ఫ్లాటుకి మూడు నెలల అడ్వాన్స్ 54,000, పరుపులు, స్టవ్, గిన్నెలు, బ్రోకర్ ద్వారా వెళ్తే అతనికి ఒక నెల అద్దె. ఇవి లెక్కలోకి రానివ్వకుండా ఫ్లాటు చవక అని చెప్పేవాళ్ళు మీ సీనియర్లే, ఎందుకంటే వాళ్ళ ఫ్లాటులో ఒకడు ఖాళీ అయ్యాడు, ఆ వాటా అద్దెకి మీరు కావాలి.

హాస్టల్ విషయంలో ఇంకో మెలిక ఉంది. హాస్టల్ ఫీజు ఏడాదికి ఒక్కసారే కట్టించుకుంటారు, చూడగానే గుండె జారుతుంది. కానీ అది చదువు జరిగే నెలలకి, మెస్‌తో కలిపి. బయట అద్దె మాత్రం మే, జూన్‌లో మీరు ఊళ్ళో మామిడిపళ్ళు తింటున్నా కట్టాల్సిందే. రెండు నెలల ఖాళీ గది అద్దెని కూడా కలిపాకే హాస్టల్‌తో పోల్చండి. నా అభిప్రాయం అడిగితే మొదటి ఏడాది హాస్టల్‌లోనో పీజీలోనో ఉండండి. ఎవరితో కలిసి ఉండగలరో, ఎవరు గిన్నెలు కడగకుండా తప్పించుకుంటారో తెలిశాక, రెండో ఏడాది ఫ్లాటు తీసుకోండి. కౌన్సెలింగ్ రోజు పరిచయమైనవాడితో పదకొండు నెలల అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకండి.

పీజీ బిల్లులో జీఎస్‌టీ పన్ను అని ఎంతో కొంత శాతం వేస్తే ఒక్కసారి ఆగండి. మనిషికి నెలకి 20,000 మించకుండా, వరసగా 90 రోజులకి తక్కువ కాకుండా ఉండే వసతికి పన్ను లేదని 2024 జులై నుంచి నిబంధన ఉంది. గొడవ పడక్కర్లేదు, "ఈ నిబంధన చూశారా అండీ" అని మర్యాదగా అడిగితే చాలు.

ఎక్కడ ఉండాలి

తాంబరం నుంచి కిందికి స్టేషన్లు వరసగా చెప్పుకుంటే పెరుంగళత్తూరు, వండలూరు, ఊరపాక్కం, గూడువాంచేరి, పోతేరి, కాట్టాంకుళత్తూరు, మరైమలై నగర్, ఆ తర్వాత సింగపెరుమాళ్ కోయిల్, పరనూరు, చెంగల్పట్టు. ఈ వరస నోటికి వస్తే సగం ఊరు తెలిసినట్టే, ఎందుకంటే గది వెతకడం అంటే ఈ గీత మీద ఎక్కడ దిగాలో తేల్చుకోవడమే.

పోతేరిలోనే ఉంటే నిద్ర ఎక్కువ, డబ్బు తక్కువ మిగులుతుంది. ఎనిమిది గంటల క్లాసుకి ఏడున్నరకి లేచినా సరిపోతుంది. కానీ ఊరంతా స్టూడెంట్లే కాబట్టి ఓనర్లకి బేరం చేయాల్సిన అవసరం లేదు, రాత్రి ఒంటిగంటకి కూడా కింద బైకుల చప్పుడు ఆగదు. గూడువాంచేరి ఒక్క స్టేషన్ దూరం, మార్కెట్ ఉంది, కుటుంబాలు ఉంటాయి, కూరగాయలు తాజాగా దొరుకుతాయి, నిజం చెప్పాలంటే అక్కడ ఉంటే మనుషుల్లా బతుకుతున్నట్టు అనిపిస్తుంది. మరైమలై నగర్ ప్లాను ప్రకారం కట్టిన ఊరు, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు ఎక్కువ, రోడ్లు కాస్త వెడల్పు, సందడి తక్కువ. తాంబరం దాకా వెళ్ళి ఉంటాననే ఆలోచన మాత్రం నాకు నచ్చదు. తాంబరం నుంచి చెన్నై బీచ్ స్టేషన్ వైపు ఉన్నంత తరచుగా చెంగల్పట్టు వైపు లోకల్ రైళ్ళు ఉండవు, ఒక రైలు తప్పితే మొదటి పీరియడ్ పోయినట్టే, హాజరు 75 శాతం గోల మీకు తెలిసిందే.

ఇక్కడ మనవాళ్ళకి పనికొచ్చే ఒక కిటుకు ఉంది. తమిళులు ఆడి నెలలో, అంటే సుమారు జులై 17 నుంచి ఆగస్టు 16 దాకా, ఇల్లు మారరు. కుటుంబాలు ఉండే ఏరియాల్లో ఆ నెలలో ఖాళీ అయిన ఇల్లు ఖాళీగానే ఉంటుంది. మనకి ఆషాఢం అయిపోయి శ్రావణం వచ్చేస్తే మన పట్టింపులు తీరిపోతాయి కదా, సరిగ్గా అప్పుడే గూడువాంచేరి, ఊరపాక్కం వైపు ఓనర్లు కాస్త మెత్తగా మాట్లాడతారు. అడ్మిషన్లు కూడా ఆ రోజుల్లోనే. అద్దె తగ్గించకపోయినా ఖాళీ చేసేటప్పుడు కోసే పెయింటింగ్ చార్జీ మాఫ్ చేయమనో, అద్దె ఆగస్టు నడిమధ్య నుంచి లెక్కేయమనో అడగొచ్చు. పోతేరిలో ఈ పప్పులు ఉడకవు.

గది చూడ్డానికి వెళ్ళినప్పుడు

మొదట కుళాయి తిప్పండి. ఒక గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేయండి. ఈ ఏరియాలో బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, బకెట్ల మీద, షవర్ మీద తెల్లటి పొర కనిపిస్తే ఆ నీళ్ళతో జుట్టు గరుకవుతుంది, బట్టలు రంగు పోతాయి, గీజర్ కాయిల్ పోతుంది, కాయిల్ డబ్బు మీ అడ్వాన్స్‌లో కోస్తారు. వేసవిలో బోరు ఎండితే లారీ నీళ్ళు తెప్పిస్తారా, ఆ డబ్బు ఎవరు కట్టాలి అనేది అప్పుడే తేల్చుకోండి. తాగడానికి మాత్రం అందరూ 20 లీటర్ల క్యాన్లే, ఒక్కోటి సుమారు 30 నుంచి 50 రూపాయలు, మొదటిసారి ఖాళీ క్యాన్‌కి డిపాజిట్ కడతారు. లిఫ్ట్ లేని మూడో అంతస్తుకి క్యాన్ కుర్రాడు పది రూపాయలు ఎక్కువ అడుగుతాడు, ఇచ్చేయండి, మోసి చూస్తే మీకే తెలుస్తుంది.

రెండోది వాన. మన వైపు వానలు జూన్, జులైలో మొదలైతే ఇక్కడ అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, సరిగ్గా సెమిస్టర్ పరీక్షల ముందు. 2015 వరదల్లో తాంబరం పక్కన ముడిచూరు, వరదరాజపురం ఎలా మునిగాయో అక్కడివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు చెన్నైలో చాలా ఏరియాల్లో రోజుల తరబడి కరెంటు లేదు. చెరువు పక్కన, లోతట్టున ఉండే గ్రౌండ్ ఫ్లోర్ గది ఎంత చవకైనా వద్దు. ఓనర్‌ని అడిగితే "ఇక్కడికి నీళ్ళు రావు" అనే అంటాడు, ఆయన్ని కాదు, ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు అన్నని అడగండి. గోడ మీద మోకాలి ఎత్తున తేమ గీత ఉందేమో చూడండి, కొత్తగా కింద సగం మాత్రమే పెయింట్ వేసి ఉంటే అదీ జవాబే.

తర్వాత ఫోన్ సిగ్నల్ ప్రతి గదిలోనూ నిలబడి చూడండి. కిటికీ పడమర వైపు ఉంటే మేలో గది పొయ్యి అవుతుంది. స్టూడెంట్లకి ఇవ్వం, బ్యాచిలర్లకి ఇవ్వం, మాంసం వండకూడదు అనే షరతులు చాలా ఉంటాయి. మాంసం సంగతి దాచి చేరకండి, చేపల పులుసు వాసన దాగదు, మధ్యలో ఖాళీ చేయాల్సి వస్తుంది. తెలుగు పిల్లలకి ఇవ్వం అని మొహం మీదే చెప్పే ఓనర్లూ ఉన్నారు. కోపం వస్తుంది, కానీ మన సీనియర్లు ఆ ఇంట్లో పుట్టినరోజులు ఎలా చేసుకున్నారో కూడా విన్నాక కొంచెం తగ్గుతుంది. అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని వెళ్తే సగం అనుమానం అక్కడే పోతుంది.

ఈబీ బిల్లు: డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే

కరెంటుని ఇక్కడ అందరూ ఈబీ అనే అంటారు. ఇళ్ళకి బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది, మొదటి 100 యూనిట్లు ఉచితం. ఆ పైన శ్లాబులు. దీనిలో అసలు గమనించాల్సింది 500 అనే గీత. రెండు నెలల వాడకం 500 యూనిట్ల లోపు ఉంటే కింది శ్లాబుల రేటు తక్కువ, అది దాటితే పైన ఎక్కువ రేటు పడటమే కాదు, కింద 101 నుంచి 200 దాకా ఉన్న తక్కువ రేటు కూడా పోతుంది. అందుకే 500 యూనిట్లకి బిల్లు రెండు వేల లోపు వస్తే, 600 అయ్యేసరికి మూడు వేల దగ్గరికి పోతుంది. చివరి వంద యూనిట్లకే వెయ్యి.

ఇక రాత్రి ఎనిమిది గంటలు ఏసీ నడిస్తే ఆరు నుంచి పది యూనిట్లు కాలుతుంది, ఏసీ ఎంత పాతదైతే అంత ఎక్కువ. రోజుకి ఎనిమిది అనుకున్నా రెండు నెలలకి 480. ఫ్రిజ్, ఫ్యాన్లు, గీజర్ కలిస్తే గీత దాటినట్టే. ముగ్గురూ ఒకే గదిలో ఏసీ వేసుకుని పడుకోవడం, 26లో పెట్టి ఫ్యాన్ తిప్పడం, డిసెంబరు, జనవరిలో అసలు ఆపేయడం, ఇవే ఆదా. గీజర్ బదులు ఎండాకాలంలో ట్యాంకు నీళ్ళే సలసల కాగుతుంటాయి, వాటికి ఖర్చు లేదు.

ఓనర్ "యూనిట్‌కి పది రూపాయలు" అంటే ఒప్పుకునే ముందు లెక్క చేయండి. 500 యూనిట్లకి ఆయన మీ దగ్గర 5,000 తీసుకుంటాడు, ఆయన కట్టేది రెండు వేల లోపు. ఫ్లాటుకి సొంత మీటర్ ఉంటే వినియోగదారు నంబర్ తీసుకుని బిల్లు మీరే ఆన్‌లైన్‌లో కట్టుకుంటామని అగ్రిమెంట్‌లో రాయించండి. ఒక మీటర్ మీద మూడు పోర్షన్లకి సబ్ మీటర్లు పెట్టిన ఇల్లయితే, ఉచిత 100 యూనిట్లు, తక్కువ శ్లాబులు మీకు రావు, అప్పుడు యూనిట్ రేటు మీదే బేరం. చేరిన రోజు మీటర్ రీడింగ్ ఫోటో తీసి ఓనర్‌కి వాట్సాప్‌లో పంపండి.

అడ్వాన్స్, అగ్రిమెంట్

తమిళనాడులో 2017 నాటి అద్దె చట్టం 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకోకపోతే అడ్వాన్స్‌కి అది పెట్టిన హద్దు మూడు నెలల అద్దె. అగ్రిమెంట్ కాగితం మీద ఉండాలి, రెంట్ అథారిటీ దగ్గర నమోదు కావాలి. ఆచరణలో ఐదు, ఆరు నెలలు అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు, నమోదు మాట ఎత్తితే మొహం చిట్లించేవాళ్ళూ ఉన్నారు. మీ చేతిలో ఉన్నది ఏమిటంటే అడ్వాన్స్ నగదుగా ఇవ్వకపోవడం. బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో పంపి, నోట్‌లో "ఇంటి అడ్వాన్స్" అని రాయండి. టోకెన్ అని రెండు వేలు ముందే ఇమ్మనే బ్రోకర్‌కి, ఇల్లు లోపల చూడకుండా, ఓనర్‌తో మాట్లాడకుండా పైసా ఇవ్వకండి.

అగ్రిమెంట్‌లో నాలుగు మాటలు వెతకండి. పెయింటింగ్ చార్జీ ఎంత (ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె కోసుకోవడం ఇక్కడ మామూలు), నోటీసు ఒక నెలా రెండు నెలలా, లాక్-ఇన్ (మధ్యలో ఖాళీ చేయకూడని గడువు) ఎంతకాలం, ముగ్గురిలో ఒకరు మధ్యలో వెళ్ళిపోతే కొత్తవాడిని తెచ్చుకోనిస్తారా. ఆ చివరిది చాలామంది అడగరు. బ్యాక్‌లాగ్‌లతో, ఇంటర్న్‌షిప్‌లతో, ప్రేమ వ్యవహారాలతో ఒకడు వెళ్ళిపోవడం ప్రతి ఫ్లాటులో జరిగేదే, అప్పుడు మిగిలిన ఇద్దరి మీద ఆ అద్దె పడుతుంది. ముగ్గురూ తలా ఎంత అడ్వాన్స్ పెట్టారో కూడా మీలో మీరు వాట్సాప్‌లో రాసుకోండి, స్నేహితులే కదా అని మొహమాటపడితే ఆ స్నేహమే మిగలదు.

ఆధార్ కాపీ, కాలేజీ ఐడీ ఓనర్ అడిగితే ఇవ్వండి. 2024 ఆగస్టు చివర్లో పోతేరిలో స్టూడెంట్లు ఉండే ఫ్లాట్లలో పోలీసులు మత్తుమందుల కోసం పెద్ద ఎత్తున సోదాలు చేశారు, అందుకని ఓనర్లకి ఆ భయం ఉంటుంది. గదిలో ఎవరు పడుకుంటున్నారో మీకు తెలిసి ఉండాలి. "ఫ్రెండ్ ఆఫ్ ఫ్రెండ్" అని వారం రోజులు తిష్ఠ వేసేవాడి బ్యాగులో ఏముందో అని మీరు కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు. ర్యాగింగ్ సమస్య వస్తే యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522, పగలూ రాత్రీ పనిచేస్తుంది.

తిండి

ఆంధ్రా మెస్‌లకి పోతేరిలో కొదవ లేదు, అన్నం ఎంతైనా వేస్తారు, పప్పు, పొడి, నెయ్యి, ఎర్రటి కూర. రోజూ రెండు పూటలా అక్కడే తింటే మాత్రం డబ్బుతో పాటు కడుపూ పాడవుతుంది. తమిళుల టిఫిన్ మీద మనవాళ్ళకి చిన్నచూపు ఎందుకో నాకు అర్థం కాదు, పొద్దున్నే వేడి ఇడ్లీ, పొంగల్ ఇక్కడ దొరికినంత చవగ్గా, శుభ్రంగా హైదరాబాద్‌లో దొరకవు. వంకాయ పచ్చడి లేదని ఏడవకుండా రసం అన్నం, పొరియల్ (వాళ్ళ వేపుడు కూర) అలవాటు చేసుకుంటే నెలకి వెయ్యి రూపాయలు మిగులుతాయి.

ఫ్లాటులో వండుకునేవాళ్ళకి బియ్యం దగ్గరే మొదటి దెబ్బ. కొట్లో పేరు చూసి పొన్ని అని తెస్తే అది ఉప్పుడు బియ్యం కావచ్చు, లావుగా, వేరే వాసనతో ఉడుకుతుంది, మన పప్పుకీ పచ్చడికీ నప్పదు. "పచ్చరిసి" (పచ్చి బియ్యం) కావాలని అడగండి, సోనా మసూరి ఉందా అని అడిగినా తెచ్చిస్తారు. పచ్చళ్ళు, కారప్పొడులు, చింతపండు ఇంటి నుంచే తెచ్చుకోండి. పాలు ఆవిన్ ప్యాకెట్లు, రంగుని బట్టి వెన్న శాతం మారుతుంది, టీకి నీలం ప్యాకెట్ చాలు.

గ్యాస్ కనెక్షన్ కోసం అడ్రస్ ప్రూఫ్ లేక బ్లాకులో సిలిండర్ కొనే అలవాటు ఇక్కడ బాగా ఉంది. అక్కర్లేదు. ఐదు కిలోల చిన్న సిలిండర్, ఇండేన్ వాళ్ళు ఛోటు అని అమ్మేది, గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, అడ్రస్ రుజువు అడగరు. ముగ్గురికి అన్నం, ఒక కూర, టీ అయితే సర్దుకుపోతుంది. ఇండక్షన్ స్టవ్ కూడా పెట్టుకోవచ్చు, కానీ అది ఆ 500 యూనిట్ల గీత వైపు నెడుతుంది, చూసుకోండి.

డెలివరీ యాప్‌ల గురించి ఒక్క మాటే: నెలాఖరున ఆ యాప్‌లో ఆర్డర్ల చరిత్ర తెరిచి కూడిక చేయండి. ఫ్లాటు మార్చాల్సిన అవసరం లేదని చాలామందికి అక్కడ తెలుస్తుంది.

తిరగడం, ఊరికి వెళ్ళడం

లోకల్ రైలు ఇక్కడి అన్నిటికన్నా చవకైన వస్తువు. కనీస టికెట్ 5 రూపాయలు. రోజూ వెళ్ళేవాళ్ళు సీజన్ టికెట్ తీసుకోండి, కాలేజీ నుంచి ఫారం తెస్తే స్టూడెంట్లకి రాయితీ ఉంది. టికెట్ లేకుండా దొరికితే టికెట్ ధరతో పాటు కనీసం 250 జరిమానా, ఒక్క స్టేషనే కదా అని ఎక్కేవాళ్ళే ఎక్కువ దొరుకుతారు. ఆడపిల్లలకి మామూలు ఎంటీసీ సిటీ బస్సుల్లో, ముందు వెనక గులాబీ రంగు వేసినవాటిలో, టికెట్ ఉచితం, ఏ ఊరు అని అడగరు. జీఎస్‌టీ రోడ్డు మీద షేర్ ఆటోలు తిరుగుతూనే ఉంటాయి, ఎక్కే ముందు రేటు అడగడం మర్చిపోకండి. ఇంటి నుంచి బైక్ తెచ్చుకుంటే వెనక కూర్చున్నవాడికీ హెల్మెట్ ఉండాలి, లేకపోతే వెయ్యి.

సామాన్లు కొనడానికి మాంబళం స్టేషన్‌లో దిగితే ఎదురుగా రంగనాథన్ వీధి, బకెట్ల నుంచి దుప్పట్ల దాకా కాలేజీ దగ్గర చెప్పే రేటుకన్నా తక్కువ. ఆడి నెలలో తగ్గింపు సేల్స్ కూడా అప్పుడే కాబట్టి చేరగానే ఒక ఆదివారం వెళ్ళొచ్చేయండి, జేబు జాగ్రత్త. ల్యాప్‌టాప్ చార్జర్లు, ప్రాజెక్టుకి బోర్డులు, సెన్సర్లు మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో. పరుపు, టేబుల్, కూలర్ మాత్రం కొత్తవి కొనకండి, మేలో ఖాళీ చేసే ఫైనల్ ఇయర్ వాళ్ళు సగం ధరకి కూడా తీసుకోమంటారు.

ఊరికి వెళ్ళడం గురించి చాలామంది తికమకపడతారు. పోతేరికి దగ్గర్లో కిలాంబాక్కం బస్ టెర్మినస్ ఉంది, 2023 డిసెంబరు 30న మొదలైంది, కానీ అది ముఖ్యంగా దక్షిణాది జిల్లాల బస్సులకి. మన ఆంధ్రా బస్సులు చాలావరకు మాధవరం నుంచి, అది ఊరికి ఉత్తరపు కొస. సూట్‌కేసుతో పోతేరి నుంచి మాధవరం వెళ్ళేసరికి నెల్లూరు సగం దూరం వెళ్ళినంత అలసట. అందుకని రైలే మేలు. హైదరాబాద్ వైపు చార్మినార్ ఎక్స్‌ప్రెస్ తాంబరం నుంచే బయల్దేరుతుంది, కాకినాడ వైపు సర్కార్ ఎక్స్‌ప్రెస్ చెంగల్పట్టు, తాంబరం మీదుగా వెళ్తుంది, సెంట్రల్ దాకా పోనక్కర్లేదు. విమానమైతే ఎయిర్‌పోర్టు ఎదురుగానే తిరుశూలం స్టేషన్, అదీ ఇదే లోకల్ లైన్ మీద.

రిజర్వేషన్ 2024 నవంబరు 1 నుంచి 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. సంక్రాంతికి మనకీ రద్దీ, పొంగల్‌కి వాళ్ళకీ రద్దీ, కాబట్టి నవంబరు రెండో వారంలో పొద్దున్నే ఎనిమిదికి ఫోన్ పట్టుకుని కూర్చోండి. ముందే ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ జోడించి ఉంచండి.

ఖాళీ చేసేటప్పుడు

నోటీసు నోటితో చెప్పి ఊరుకోకండి, వాట్సాప్‌లో తేదీతో పంపి, ఓనర్ "సరి" అన్నాక స్క్రీన్‌షాట్ దాచుకోండి. చేరిన రోజు తీసిన వీడియో బయటికి తీయండి: గోడలు, బాత్రూమ్ తలుపు, కిటికీ అద్దం, ఏసీ రిమోట్ అన్నీ అందులో ఉండాలి. అలాంటి వీడియో లేనివాళ్ళ దగ్గరే పగిలిన టైల్ డబ్బు కోస్తారు. చివరి రోజు ఈబీ రీడింగ్ ఇద్దరూ కలిసి చూసి, ఆ రోజు దాకా ఎంతో లెక్క కట్టి, అక్కడే తేల్చేయండి, "బిల్లు వచ్చాక చూద్దాం" అంటే రెండు నెలలు పడుతుంది, అప్పటికి మీరు ఊళ్ళో ఉంటారు. చివరి నెలల అద్దె కట్టకుండా అడ్వాన్స్‌లో సర్దుకోమని అడిగితే కొందరు ఓనర్లు ఒప్పుకుంటారు, ఒప్పుకుంటే అంతకన్నా హాయి లేదు, కోయడానికి వాళ్ళ చేతిలో తక్కువ డబ్బు ఉంటుంది. ఒప్పుకోకపోతే, ఖాళీ చేసిన నెలలోగా అడ్వాన్స్ తిరిగివ్వాలని అద్దె చట్టంలో ఉందని గుర్తుచేయండి, పెయింటింగ్ పేరుతో అగ్రిమెంట్‌లో రాసినదానికన్నా ఎక్కువ కోస్తే రసీదు అడగండి. తాళాలు మాత్రం డబ్బు ఖాతాలో పడ్డాకో, కనీసం ఎంత, ఎప్పుడు ఇస్తారో రాసిచ్చాకో ఇవ్వండి.